సమస్యాపూరణం: కొరియా అంగడిలో కత్తివాటు

ఈ వారం సమస్య, ఆటవెలది నాలుగో పాదం:

కత్తివాటు వలనఁ గడుపు నిండె

సంగతి కొరియాలో, కల్‌గుక్సు అంగడిలో జరగాలి. దారిదోపిడీ దొంగలు, కత్తిసాము గురువులు వద్దు. ఆ పూరణలు మీరు నిద్రలోనైనా చెప్పగలరు. గోధుమపిండిని పలుచగా ఒత్తి, మడతపెట్టి, కత్తితో తరిగి చారులో ఉడికిస్తే కల్‌గుక్సు. చారు ఎండు నెత్తళ్ళతోనో, గుల్లలతోనో, కోడితోనో కాస్తారు. సియోల్‌లో 1966 నుంచి నడుస్తున్న మ్యంగ్‌డాంగ్ క్యోజా అనే అంగడిలో పట్టుమని పది వంటకాలు కూడా ఉండవు. కల్‌గుక్సు, ఆవిరి మీద ఉడికిన మాండూ (లోపల కూరు పెట్టి మూసిన కుడుము లాంటిది), వెల్లుల్లి ఘాటు నషాళానికంటే కిమ్చి ఉంటే జనానికి చాలు.

పూరణ 1 (విశాఖ సభ్యురాలు)

పిండి నొత్తి మడిచి పెనుకత్తితోఁ గోసి
మరుగు చారులోన మగ్గ నిడిరి
యావి రెగయు గిన్నె, యవ్వ కూరిమి నవ్వు;
కత్తివాటు వలనఁ గడుపు నిండె!

నిర్వాహకుడు: ధార బాగుంది, మూడో పాదం మరీ బాగుంది. కానీ అమ్మా, ముడిని మొదటి పాదంలోనే విప్పేశారు. కత్తిని అప్పుడే చూపించాక నాలుగో పాదంలో ఆశ్చర్యం ఏముంటుంది?

సియోల్ సభ్యుడు: నామ్‌డేమున్ బజారులోని కల్‌గుక్సు సందులో అవ్వలు నవ్వేంత తీరిక ఎక్కడిది! ఇరుకు బల్ల మీద "జరుగు, జరుగు" అంటూనే గిన్నె పెడతారు. కొసరుగా చిన్న గిన్నెడు చల్లని సేమ్యా కూడా ఇస్తారు. అందుకే ఆ కసురును ఎవరూ పట్టించుకోరు.

పూరణ 2 (హనుమకొండ సభ్యుడు)

వరికి లోటు కలిగె వాడలో గోధుమ
పిండి వచ్చె; నిల్లు పిలిచె దాని;
యుద్ధగాయ మాఱి యూరు తేఱిన దిట్లు;
కత్తివాటు వలనఁ గడుపు నిండె!

నిర్వాహకుడు: చరిత్ర సరిగా పట్టారు. 1950–53 యుద్ధం తర్వాత అమెరికా సాయంగా గోధుమపిండి దిగింది. 1960, 70లలో ప్రభుత్వమే బియ్యం తగ్గించి పిండితో చేసినవి తినమంది. అంతకుముందు అక్కడ గోధుమ అరుదు. అయితే కత్తి ఎందుకొచ్చిందో పద్యం చెప్పదు. మూడో పాదం ఇలా మారిస్తే అన్వయం కుదురుతుంది: "చాపచుట్టి తరిగి చారులో వేసిరి".

హనుమకొండ సభ్యుడు: మన్నించండి, మార్చను. గాయం ఉంది కనుకే కత్తివాటుకు బరువు వచ్చింది. మీ పాదం వంట చేస్తుంది, నాది ఊరి కథ చెబుతుంది.

నిర్వాహకుడు: అన్వయలోపం అలాగే ఉంది. అయినా మీ పాదమే బాగుందని ఒప్పుకోక తప్పదు.

పూరణ 3 (సియోల్ సభ్యుడు, శాకాహారి)

చారు నడుగ నందు సన్నచేఁపలు తేలె;
సోయపాలె దిక్కు చూడ నాకు;
దోసకాయఁ గోసి తోడుగాఁ బెట్టిరి;
కత్తివాటు వలనఁ గడుపు నిండె!

నిర్వాహకుడు: వేసవిలో చల్లని సోయా చారుతో పెట్టే కొంగ్‌గుక్సును పట్టుకొచ్చారు, భేష్. కత్తిని దోసకాయకు అప్పగించడం కొంటెతనం. నాలుగు దోస తురుములతో కడుపు నిండిందంటే మాత్రం నమ్మను.

విశాఖ సభ్యురాలు: నెత్తళ్ళను మరిగించాక తీసేస్తారు కదా, గిన్నెలో తేలవు. "సాగరమే తేలె" అంటే యతీ చెడదు, మాటా నిజమవుతుంది.

సియోల్ సభ్యుడు: బాగుందండీ, తీసుకున్నాను.

నిర్వాహకుడు: మాండూ జోలికి ఒక్కరూ పోలేదు. దాన్ని వేళ్ళతో మడిచి మూస్తారు, తినేటప్పుడూ కత్తి అక్కరలేదు. కష్టమంతా అక్కడే ఉంది. ఆదివారం దాకా గడువు.