స్కూల్ రేటింగ్ ‘బి’ అంటే భయపడాలా? (డాలస్ దగ్గర)

ప్రశ్న – పాప_అమ్మ

అందరికీ నమస్తే. జూన్‌లో న్యూజెర్సీ నుంచి ప్లేనో వైపు మారుతున్నాం. మా పాప ఆగస్టులో నాలుగో తరగతిలో చేరాలి. రెండు అద్దె ఇళ్ళు చూసుకున్నాం. ఒకటి ‘ఎ’ (91) వచ్చిన స్కూల్ పరిధిలో ఉంది, రెండోది ‘బి’ (88) వచ్చిన స్కూల్ పరిధిలో. అద్దె తేడా చాలా ఎక్కువ. మావారు మాత్రం ‘బి’ స్కూల్ మాటే ఎత్తనివ్వడం లేదు. అసలు ఈ అక్షరం ఎవరు వేస్తారు, దేన్ని చూసి వేస్తారు? ఇంకో సంగతి, చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారంలో అడుగుతారట. తెలుగు అని రాస్తే పిల్లని వేరే క్లాసులో వేస్తారని ఒకరు భయపెట్టారు. రాత్రి నిద్ర పట్టలేదు.

జవాబు – ఇర్వింగ్_నాన్న

ముందు ఒకటి చూసుకోండి. ఇళ్ళ సైట్లలో పదికి తొమ్మిది, పదికి ఏడు అని కనిపించేవి గ్రేట్‌స్కూల్స్ వాళ్ళ అంకెలు. ప్రభుత్వం ఇచ్చేది అది కాదు. ఎ నుంచి ఎఫ్ వరకు అక్షరాలిచ్చేది టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ. ఇళ్ళు చూపించే ఏజెంట్లు ఈ రెండూ కలిపేసి మాట్లాడుతుంటారు.

జవాబు – లెక్కల_టీచర్

నేను గుంటూరు జిల్లాలో చదువుకుని, ఇక్కడ డాలస్ దగ్గర ఒక ఎలిమెంటరీ స్కూల్లో లెక్కలు చెబుతున్నాను. ఈ విషయం మన వాళ్ళకి సరిగ్గా తెలియాలని నాకు చాలా ఉంది, కాస్త పొడుగైనా చదవండి.

ఆ అక్షరానికి మూలం స్టార్ అనే టెక్సస్ రాష్ట్ర పరీక్ష. మూడో తరగతి నుంచి ఎనిమిది దాకా ఏటా రీడింగ్, లెక్కలు ఉంటాయి. అయిదు, ఎనిమిది తరగతుల్లో సైన్స్ కూడా. పిల్లల స్కోర్లని కింది నుంచి పైకి నాలుగు మెట్లుగా విడదీస్తారు: డిడ్ నాట్ మీట్, అప్రోచెస్, మీట్స్, మాస్టర్స్. అప్రోచెస్ వస్తే పాసే, కానీ పై తరగతిలో గట్టిగా సాయం చేయాల్సి ఉంటుందని అర్థం. నేను తల్లిదండ్రులని మీట్స్ మెట్టు చూడమని చెబుతాను.

రేటింగ్‌లో మూడు భాగాలుంటాయి. ఎలిమెంటరీ స్కూల్‌కి మొదటి భాగం లెక్క ఇలా ఉంటుంది. అప్రోచెస్, ఆ పైన ఎంత శాతం, మీట్స్, ఆ పైన ఎంత శాతం, మాస్టర్స్ ఎంత శాతం అని తీసి మూడింటి సగటు కడతారు. 90, 65, 35 అయితే సగటు దాదాపు 63. దాన్ని వాళ్ళ పట్టిక ప్రకారం వందకి అంకెగా మారుస్తారు. అంటే మాస్టర్స్ వచ్చిన పిల్ల మూడు చోట్లా లెక్కకొస్తుంది, అప్రోచెస్ దగ్గర ఆగిన పిల్ల ఒక్క చోటే. కాబట్టి 91 అంటే స్కూల్‌కి నూటికి తొంభై ఒక్క మార్కులొచ్చాయని కాదు.

రెండో భాగం ప్రోగ్రెస్. పోయినేడు ఉన్న చోటు నుంచి పిల్లలు ఎంత పైకొచ్చారన్నది ఒకటి, ఇంతే స్థాయిలో పేద పిల్లలున్న స్కూళ్ళతో పోలిస్తే ఎలా ఉందన్నది ఇంకొకటి. ఈ రెంటిలో ఏది బాగుంటే దాన్ని తీసుకుంటారు. తర్వాత మొదటి రెండు భాగాల్లో మెరుగైనదానికి 70 శాతం వెయిటేజీ ఇస్తారు. మిగతా 30 శాతం మూడో భాగానిది: వేర్వేరు వర్గాల పిల్లలు, ఇంగ్లీష్ నేర్చుకుంటున్న పిల్లలు, స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలు ఎలా చదువుతున్నారన్నది.

అందుకే ఒకే ‘ఎ’ రెండు స్కూళ్ళకి రెండు దారుల్లో రావచ్చు. ఇంట్లో బాగా చదివించే కుటుంబాలే నిండిన చోట మొదటి భాగం దానంతట అదే పెరుగుతుంది. అక్కడ టీచర్లు గొప్పగా చెబుతున్నారో లేదో ఆ అక్షరం ఒక్కటే చెప్పదు. నా క్లాసులో డిడ్ నాట్ మీట్ నుంచి మీట్స్‌కి ఎక్కిన పిల్లలున్నారు. వాళ్ళ కోసం ఏడాదంతా పడ్డ కష్టం పేపర్లో వచ్చే అక్షరంలో కనపడదు. నాకు బాధ కలిగేది అక్కడే. 88కీ 91కీ మధ్య తేడా కోసం నేనైతే అంత అద్దె కట్టను.

భాష ఫారం గురించి: నిజమే రాయండి. ఇంట్లో ఎక్కువగా తెలుగే మాట్లాడితే తెలుగనే రాయండి. పాపకి ఇంగ్లీష్ పరీక్ష పెడతారు. అందులో బాగా చేస్తే మామూలు క్లాసే. సాయం కావాలని తేలితే మీ అనుమతి అడుగుతారు, మీరు వద్దనవచ్చు. కానీ ఇంగ్లీష్ బాగా వచ్చిందని తేలేదాకా ఏటా టెల్పాస్ అనే ఇంగ్లీష్ పరీక్ష మాత్రం రాయాలి. దాచి రాయడం వల్ల అవసరమున్న పిల్లకి సాయం అందకుండా పోతుంది, అది చాలా తప్పు.

ప్రశ్న – పాప_అమ్మ

టీచర్ గారూ, చాలా చాలా థ్యాంక్సండీ. మావారికి చదివి వినిపించాను. ఆయన అడుగుతున్నారు, మరి మేం ఏం చూడాలి? పాప వేరే రాష్ట్రం నుంచి వస్తోంది కదా, తన స్కోరు స్కూల్ రేటింగ్‌లో లెక్కకొస్తుందా?

జవాబు – లెక్కల_టీచర్

అక్టోబర్ చివరి శుక్రవారం నాటికి ఆ స్కూల్లో పేరుండి, పరీక్ష కూడా అక్కడే రాస్తే స్కూల్ రేటింగ్‌కి లెక్కకొస్తుంది. ఆగస్టులో చేరితే సరిపోతుంది. అయితే టెక్సస్‌లో పోయినేడు స్టార్ రాయలేదు కాబట్టి ఎదుగుదల లెక్కలో ఈసారి ఉండదు.

ఈ రేటింగులు పెట్టే టీఎక్స్‌స్కూల్స్ ప్రభుత్వ సైట్లో స్కూల్ పేరు కొట్టి, పెద్ద అక్షరం వదిలేసి మూడు భాగాల్లో దేనికెంత వచ్చిందో చూడండి. 2023 అంకెలు కోర్టు కేసు వల్ల 2025 ఏప్రిల్‌లో గానీ బయటికి రాలేదు. 2024వి, 2025వి కలిపి అదే ఏడాది ఆగస్టులో ఇచ్చారు. కాబట్టి మీరు చూసేది ఏ సంవత్సరానిదో చూసుకోండి.

మీ పాప సంగతి వేరే రిపోర్టులో ఉంటుంది. చాలా స్కూల్ డిస్ట్రిక్ట్‌లు ఏడాదిలో రెండు మూడుసార్లు పిల్లల ఎదుగుదల చూడడానికి మ్యాప్ టెస్ట్ పెడతాయి. అందులో పర్సెంటైల్ (మిగతా పిల్లలతో పోలిస్తే ఎక్కడుందో) పక్కనే రిట్ స్కోర్ (పాపకి ఎంత వచ్చో చూపే అంకె) ఉంటుంది. మొదటిసారికీ చివరిసారికీ అది ఎంత పెరిగిందో టీచర్‌ని అడగండి. 2027-28 నుంచి స్టార్ పోయి, ఏడాదికి మూడు చిన్న పరీక్షలు రావాలని 2025లో చట్టం చేశారు. అప్పటికి మీ పాప అయిదో తరగతిలో ఉంటుంది, వాటి రిపోర్టులు కూడా ఇంటికొస్తాయి.

జూన్‌లో మారాక వీలైతే రెండు స్కూళ్ళకీ ఫోన్ చేసి, నాలుగో తరగతి లెక్కల్లో వెనకబడ్డ పిల్లలకి వారంలో ఎన్ని గంటలు విడిగా చెబుతారో అడగండి. ఏం చెప్పారో ఇక్కడ రాయండి, నేను చూస్తాను.