గ్రిడ్‌లో "0 జాబులు" అని చూపించే సైటుకే అన్నీ పోతున్నాయి. మీకూ ఇలా జరిగిందా?

రాత్రి_డ్యూటీ:
మూడు క్యాంపస్‌ల క్లస్టర్లను (కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపులను) కలిపి చిన్న గ్రిడ్ నడుపుతున్నాం. క్యూలో ఎన్ని జాబులు (నడపమని యూజర్లు పంపిన పనులు) ఉన్నాయో ప్రతి సైటూ ఒక సమాచార సర్వరుకు చెబుతుంది. బ్రోకర్ అనే ప్రోగ్రాం అది చూసి కొత్త జాబును ఎటు పంపాలో తేల్చుకుంటుంది. పోయిన వారం రెండు రాత్రులు మూడో సైటు "వెయిటింగ్: 0" అనే చూపించింది. బ్రోకర్ అన్నీ అటే తోసింది. తెల్లారి లాగిన్ అయితే అక్కడ క్యూ కిటకిటలాడుతోంది, మిగతా రెండు చోట్లా నోడ్లు (క్లస్టర్‌లోని కంప్యూటర్లు) ఖాళీ. థీసిస్ గడువు దగ్గరపడ్డ ఒక అమ్మాయి జాబులు అందులోనే ఇరుక్కున్నాయి. చాలా బాధేసింది. ఎక్కడ వెతకమంటారు?

కణాల_వేట:
సర్న్ అనే యూరప్ కణభౌతిక ప్రయోగశాల డేటా కోసం నడిచే డబ్ల్యూఎల్‌సీజీ అనే ప్రపంచవ్యాప్త గ్రిడ్‌లో ఒక టియర్-2 (రెండో శ్రేణి) సైటు చూసుకునేదాన్ని. అప్పట్లో అక్కడి సమాచార వ్యవస్థ బీడీఐఐ, అంటే మీ సమాచార సర్వరు లాంటిదే. లోపల ఉండేది ఓపెన్‌ఎల్‌డాప్ అనే డైరెక్టరీ సర్వరు. రిసోర్స్, సైట్, టాప్ అని మూడు అంచెలు. పై అంచె కింది అంచెను 2170 పోర్టు మీద అడిగి తెచ్చుకుంటుంది. కాబట్టి బ్రోకర్ కంటికి కనిపించే అంకె ఎప్పుడూ కొన్ని నిమిషాల పాతదే.

మీ సమస్యకు దగ్గరగా ఉన్నది ఇంకొకటి. క్యూ వివరాలు తెచ్చే స్క్రిప్టు ఫెయిలైతే అక్కడ వెయిటింగ్ జాబులు 444444 అని కనిపించేవి. అది ముందే రాసిపెట్టిన డీఫాల్ట్ విలువ. అంత పెద్ద క్యూ ఉన్న సైటు వైపు బ్రోకర్ వెళ్లదు, చూసిన అడ్మిన్‌కి కూడా స్క్రిప్టు పడిపోయిందని వెంటనే తెలిసిపోతుంది. రాత్రి రెండింటికి ఆ ఆరు నాలుగులు చూసి ఎన్నిసార్లు టెన్షన్ పడ్డానో! కానీ సున్నా వచ్చి ఉంటే నాకు తెలిసేదే కాదు. మీ స్క్రిప్టు ఫెయిలైనప్పుడు ఏం రాస్తోందో ముందు అది చూడండి.

పాత_గాంగ్లియా:
మాది గ్రిడ్ కాదండి, 200 నోడ్ల క్లస్టర్, గాంగ్లియా అనే మానిటరింగ్ టూల్‌తో చూసేవాళ్లం. మల్టీకాస్ట్ (నోడ్లన్నీ ఒకదానికొకటి చెప్పుకోవడం) వద్దన్నారని యూనికాస్ట్‌కి (అన్నీ ఒకే కలెక్టర్‌కి పంపడం) మార్చాం. ఒకరోజు కలెక్టర్‌గా ఉన్న జీమాండ్‌ని (గాంగ్లియాలో అంకెలు సేకరించే ప్రోగ్రాం) రీస్టార్ట్ చేస్తే గ్రాఫులన్నీ మాయం. నోడ్లు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. సెండ్ మెటాడేటా ఇంటర్వల్ అనే సెట్టింగ్ డీఫాల్ట్‌గా సున్నా ఉంటుంది, అంటే మెట్రిక్ పేరు, రకం లాంటి వివరాలు నోడ్ మొదలైనప్పుడే పంపుతుంది. కొత్తగా లేచిన కలెక్టర్‌కి అవి తెలియవు కాబట్టి వచ్చిన అంకెలను పక్కన పడేస్తుంది. 30 సెకన్లు పెట్టాక మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు.

ఇంకోటి, పాత వెర్షన్లలో డీఫాల్ట్ సెట్టింగ్‌తో 15 సెకన్ల వివరం గంటసేపే నిలుస్తుంది. రోజు గ్రాఫులో ఒక్కో చుక్క 6 నిమిషాల సగటు. నిన్న రాత్రి రెండు నిమిషాలు ఏం జరిగిందో ఇవాళ అందులో వెతికితే దొరకదు. లాగ్ చూడాల్సిందే.

హైదరాబాద్_హెచ్‌పీసీ:
మన దేశపు గరుడ గ్రిడ్ ఎంతమందికి గుర్తుందో. కేంద్ర ప్రభుత్వ కంప్యూటింగ్ పరిశోధన సంస్థ సీడాక్ వాళ్లు 17 నగరాలను కలిపారు, మన హైదరాబాద్ కూడా అందులో ఉండేది. దాని మానిటరింగ్ కోసం వాళ్లు తయారుచేసుకున్న టూల్ పేరు "పర్యవేక్షణం". మనం రోజూ వాడే మాట అలా ఒక గ్రిడ్ టూల్‌కి పేరు కావడం నాకు ఇప్పటికీ ఎంతో ఇష్టం.

రాత్రి_డ్యూటీ గారూ, మూడు సైట్లూ "ఖాళీ స్లాట్" అని దేన్ని లెక్కపెడుతున్నాయో కూడా అడగండి. ఒకరు కోర్లు, ఒకరు హైపర్‌థ్రెడ్‌లు (ఒక్కో కోర్‌ని రెండుగా చూపించేవి) లెక్కపెడితే పోలికే కుదరదు. ఇలాంటివి అందరికీ ఒకేలా ఉండాలనే గ్లూ స్కీమా, అంటే గ్రిడ్ సైట్లు తమ వివరాలు చెప్పే ఉమ్మడి పద్ధతి, పుట్టింది. 2009లో 2.0 వెర్షన్ ఓజీఎఫ్ (ఓపెన్ గ్రిడ్ ఫోరం) ప్రమాణంగా వచ్చింది.

మౌంట్_పోయింది:
క్యూ నిజంగానే ఖాళీగా ఉండి జాబులన్నీ ఫెయిలవుతుంటే మాత్రం అది బ్లాక్ హోల్ నోడ్. మాకు ఒక నోడ్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్ (నెట్‌వర్క్ మీద అందరూ పంచుకునే ఫైళ్లతో కనెక్షన్) ఊడిపోయింది. వచ్చిన జాబు రెండు సెకన్లలో చచ్చిపోయేది, నోడ్ మళ్లీ ఫ్రీ, ఇంకో జాబు. తెల్లారేసరికి క్యూ మొత్తం మింగేసింది. లోడ్ గ్రాఫు చూస్తే హాయిగా ఉంది. అప్పటి నుంచి జాబు తీసుకునే ముందు మౌంటూ డిస్కూ చూసుకునే చెక్ స్క్రిప్టు ప్రతి నోడ్‌లో పెట్టాం.

రాత్రి_డ్యూటీ:
దొరికిందండీ! కణాల_వేట గారు చెప్పినచోటే ఉంది. మూడో సైటు స్క్రిప్టు క్యూస్టాట్ అనే కమాండ్ (క్యూలోని జాబుల జాబితా ఇస్తుంది) నడిపి, వచ్చిన లైన్లను లెక్కపెడుతోంది. క్యూలో వేల జాబులు చేరగానే హెడ్ నోడ్ (క్యూను నడిపే ప్రధాన కంప్యూటర్) జవాబివ్వలేక క్యూస్టాట్ టైమవుట్ అవుతోంది. లైన్లు రావు, లెక్క సున్నా. రద్దీ పెరిగేకొద్దీ ఆ సైటు ఇంకా ఖాళీగా కనిపిస్తోంది, బ్రోకర్ ఇంకా ఎక్కువ పంపుతోంది.

ఇప్పుడు క్యూస్టాట్ ఎగ్జిట్ కోడ్ (కమాండ్ సరిగ్గా నడిచిందో లేదో చెప్పే అంకె) చూసి, తేడా ఉంటే 444444 రాసేలా మార్చాను. అంకె పక్కనే అది తీసిన సమయం కూడా పంపుతున్నాం. 10 నిమిషాలు దాటితే బ్రోకర్ ఆ సైటును వదిలేస్తుంది. ఆ అమ్మాయి జాబులను మొదటి సైటుకి మార్చాను, నిన్న సాయంత్రానికి పూర్తయ్యాయి.

కణాల_వేట:
సంతోషం అండి. మూడు సైట్ల గడియారాలూ ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ ద్వారా సమయం సరిచేసే పద్ధతి) కలిసున్నాయో లేదో ఇవాళే చూసుకోండి. ఒక హెడ్ నోడ్ 10 నిమిషాలు వెనక ఉంటే, ఆ సైటు రాత్రంతా పాతబడినట్టే కనిపిస్తుంది.