అప్‌డేట్: నావికుల పచ్చబొట్లు తాహితీ నుంచే వచ్చాయా?

నేను అడిగింది ఇదీ: యూరప్ నావికులు పచ్చబొట్టు కళను కెప్టెన్ జేమ్స్ కుక్ పసిఫిక్‌లోని తాహితీ ద్వీపానికి చేసిన ప్రయాణంలోనే నేర్చుకున్నారా, పనిముట్లూ తెచ్చుకున్నారా? జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"బౌంటీ తిరుగుబాటుదార్ల ఆనవాళ్ల జాబితా చూడండి" అన్న సలహాతోనే చిక్కు వీడింది. బౌంటీ అనే ఓడలో తాహితీ నుంచి వస్తుండగా నావికులు తిరగబడ్డాక, 1789లో ఆ ఓడ కెప్టెన్ బ్లై రాసిన ఆ జాబితాలో తిరుగుబాటు నాయకుడు క్రిస్టియన్‌కి ఎడమ రొమ్ము మీద నక్షత్రం, పిరుదుల మీద కూడా పచ్చబొట్లు. బ్రిటన్ పక్కనున్న మాన్ ద్వీపం వాడైన హేవుడ్ కుడికాలి మీద మాత్రం ఆ ద్వీపపు నాణెం మీది మూడు కాళ్ల గుర్తు! అంటే పొడిపించుకున్నది తాహితీలోనే అయినా, కొన్ని బొమ్మలు సొంతూరివి.

1769లో కుక్ ఓడ ఎండీవర్‌లోని చిత్రకారుడు పార్కిన్సన్, స్టెయిన్స్‌బీ అనే నావికుడు తాహితీలో చేతుల మీద వేయించుకున్నారు. అక్కడి పనిముట్టు ఎముకతోనో గవ్వతోనో చేసిన పళ్ల దువ్వెన. అదే ఓడలో ఉన్న ప్రకృతి శాస్త్రవేత్త బ్యాంక్స్ లెక్కలో 3 నుంచి 20 పళ్లు. నూనెగింజలు కాల్చిన మసిని నీళ్లలో కలిపి, పళ్లు అందులో ముంచి, చర్మం మీద ఆనించి పుల్లతో కొడతారు. రక్తం వస్తుంది. నావికులు ఓడలో చేసుకున్నది వేరు: సూదులు, మసి లేదా తుపాకి మందు. దువ్వెన పద్ధతి వాళ్లకు అలవాటు కాలేదు.

"అంతా కుక్‌తోనే మొదలు" అన్నది నిలవదు. జెరూసలేం యాత్రికులు అంతకు చాలా ముందే సిలువలు పొడిపించుకునేవారు. పసిఫిక్ ప్రయాణాలు పెంచింది మోజునీ, వాడకాన్నీ.