‘పాత్రమగు ఛత్రంబై’: ఛనా, చ్ఛనా?

సిక్కోలు కుర్రాడు: లద్దాఖ్ పాత వార్త ఒకటి చదివినప్పటి నుంచి వామనుడు పెరగడం మీద పోతన పద్యం నోట్లో ఆడుతోంది. 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి దాకా మన జవాన్లు అక్కడి సరస్సు మీదుగా పోయే వెలుగుల్ని 329 సార్లు నమోదు చేశారట, చైనా డ్రోన్లన్న అనుమానంతో. తీరా చూస్తే గురుడు, శుక్రుడు. ‘రవిబింబం బుపమింపఁ బాత్రమగుచ్ఛత్రంబై శిరోరత్నమై...’ కేయూరం దాకా వస్తోంది. ఆ తర్వాత, మొలగంటకి ముందు ఇంకో నగ ఉండాలి. ఏమిటది?

ఛందోభ్రమరం: ముందు ఆ ‘చ్ఛ’ తీసెయ్యండి. జంటక్షరం ముందు ‘గు’ గురువైతే ఈ మత్తేభంలో ‘త్రమగు’ అనే నగణం (మూడూ లఘువులే ఉండాలి) ఎక్కడుంటుంది?

తెలుగు మాస్టారు: అంత తేలిగ్గా కొట్టెయ్యకండి. హ్రస్వం తర్వాత ఛకారం వస్తే చ్ఛ అవుతుంది. ఏకచ్ఛత్రం, వృక్షచ్ఛాయ చూడలేదా?

ఛందోభ్రమరం: చూశాం మాస్టారూ. ‘అగు’ అచ్చతెలుగు క్రియ. దాని నెత్తిన పాణిని సూత్రం ఎందుకు?

గోదారి గట్టు: ‘పాత్రము’ అంటే గిన్నె అని తీసుకుంటే ఎగిరే పళ్లేన్ని పోతనే ముందు చూసినట్టు 😀

తెలుగు మాస్టారు: అక్కడ పాత్రమంటే తగినదని. హాస్యానికైనా హద్దుండాలి.

చుక్కలరేడు: లద్దాఖ్ సంగతికి వస్తే, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వాళ్లు ఆ వెలుగులు చుక్కల మధ్య ఎలా జరుగుతున్నాయో లెక్క చూసి తేల్చారు. అంత ఎత్తులో గాలి పలచన, గ్రహాలు బాగా మెరుస్తాయి. చీకట్లో ఒంటరి వెలుగునే కళ్లప్పగించి చూస్తే అది కదులుతున్నట్టే ఉంటుంది. దూరం ఎంతో కంటికి తెలియదు, కాబట్టి కొండ పక్కనే అనిపిస్తుంది. పద్యంలోనూ అంతే కదా, సూర్యుడు ఉన్నచోటే ఉన్నాడు. గొడుగు దగ్గర్నుంచి పాదపీఠం దాకా దిగినట్టు కనిపించడం వటుడు పెరగడం వల్ల.

గోదారి గట్టు: మొత్తానికి వేగుచుక్కని పట్టుకుని వేగులవాడన్నారు.

కడప బిడ్డ: అబ్బ, ఏం చెప్పినారన్నా! అందుకే మా ఒంటిమిట్ట పోతన్న...

ఓరుగల్లు వాసి: బమ్మెర పోతన అక్కా. ఇంటిపేరులోనే ఊరుంది.

కడప బిడ్డ: ఇంటిపేరు ఉన్నంత మాత్రాన ఆడే పుట్టినట్టా? మా ఇంటిపేరు నెల్లూరు, ఆ ఊరు మేమెవరమూ చూడలేదు.

తెలుగు మాస్టారు: ఆ తగాదా వేరే పోస్టులో పెట్టుకోండి. భ్రమరం గారూ, చ్ఛ ఉన్న ప్రతి నేను చదివాను.

ఛందోభ్రమరం: అచ్చుతప్పయి ఉంటుంది. మొదటి పాదంలో యతి ‘ర’కీ ‘త్రం’కీ. ఛత్రాన్ని కదపడానికి లేదు, ‘గు’ని గురువు చెయ్యడానికీ లేదు. ఫోటో పెట్టండి, చూద్దాం.

తెలుగు మాస్టారు: పుస్తకం అటక మీద ఉంది. మా అబ్బాయి ఆదివారం వస్తాడు, దింపించి పెడతాను.