అసమర్థుడు: చేతకానివాడా, సమర్థించుకునేవాడా?

పోస్టు (ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం)

ఒక్క మాట మీద మీ అందరి అభిప్రాయం కావాలి. ఆ మాట ‘అసమర్థుడు’.

పౌర గ్రంథాలయం నుంచి తెచ్చుకుని గోపీచంద్ నవల ‘అసమర్థుని జీవయాత్ర’ మళ్లీ చదివాను. ఇంటర్ చదివే రోజుల్లో మొదటిసారి చదివినప్పుడు మనసంతా కథానాయకుడు సీతారామారావు చుట్టూ తిరిగింది. వంశప్రతిష్ఠ నిలబెట్టమని తండ్రి చివరి ఘడియల్లో చెప్పాడు. కొడుకు ఆ మాట పట్టుకుని ఉన్నదంతా ఊడ్చిపెట్టాడు. లోకం తనని అర్థం చేసుకోలేదని కుమిలిపోయాడు, ఆ నడక శ్మశానం దాకా తీసుకుపోయింది. ఆ వయసులో అతని మాటలు నాకు ఎంత గొప్పగా వినిపించాయో! డబ్బు మీద, ఉద్యోగం మీద, మనుషుల మీద అతను చేసే వాదన ప్రతిదీ నిజమే కదా అనిపించేది.

ఇప్పుడు ఒక ఇల్లు నడుపుతూ, ఒక బిడ్డని పెంచుతూ చదివితే కళ్లన్నీ అతని భార్య ఇందిర మీదే ఉన్నాయి. అతను ఆలోచిస్తున్నంత సేపూ ఆమె ఏం చేస్తోంది? పొయ్యి మీదకి ఏం వచ్చింది? అతని కోపం ఇంట్లోవాళ్ల మీదకి మళ్లినప్పుడల్లా పుస్తకం మూసేసి కాసేపు అటూ ఇటూ తిరిగాను. భయం వేసింది, నిజంగానే. రచయిత మనల్ని పూర్తిగా అతని బుర్రలో కూర్చోబెడతాడు కాబట్టి, భార్యని బాధపెట్టేటప్పుడు కూడా మనం అతని వైపు నుంచే చూస్తాం. తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలల్లో ఒకటిగా దీన్ని ఎందుకు చెప్తారో ఇప్పుడు ఒంటికి తెలిసింది.

సరే, నా ప్రశ్నకి వస్తాను. అసమర్థుడు అంటే మామూలుగా మనం చెప్పుకునే అర్థం చేతకానివాడు. కానీ అదే మూలంలోంచి వచ్చిన ఇంకో మాట ఉంది, ‘సమర్థించు’. ఒక వాదాన్ని సమర్థించడం, తప్పుని సమర్థించుకోవడం. సీతారామారావుకి సమర్థత లేదంటున్నాం గానీ, సమర్థించుకోవడంలో అతన్ని మించినవాడు లేడు. ఉద్యోగం మానేస్తే దానికో సిద్ధాంతం, ఇంటి బాధ్యత వదిలేస్తే ఇంకో సిద్ధాంతం. ఈ రెండు మాటల మధ్య ఉన్న చుట్టరికం గోపీచంద్ మనసులో ఉందో లేదో నేను చెప్పలేను, నవల మాత్రం ఆ రెండింటి మధ్యే నడుస్తోంది. వ్యాకరణం తెలిసినవాళ్లు చెప్పాలి.

ఇంకొకటి. చాలామంది ఈ పేరుని ‘జీవితయాత్ర’ అని రాసేస్తున్నారు. అది ‘జీవయాత్ర’. జీవితం అంటే పుట్టుక నుంచి చావు దాకా జరిగిన సంగతులు. జీవయాత్ర అంటే బతుకు ఈడ్చడం, ప్రాణం నిలబెట్టుకోవడం. ఒక్క అక్షరమే కదా అని వదిలేయకండి.

జవాబు (మహారాణిపేట)

అమ్మా, మంచి మాట ఎత్తారు. నేను తెలుగు, సంస్కృతం చెప్పి రిటైరైనవాణ్ని, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

పాణిని సంస్కృత వ్యాకరణం అష్టాధ్యాయిలో రెండో అధ్యాయం మొదటి సూత్రమే ‘సమర్థః పదవిధిః’. రెండు పదాలు కలిసి సమాసం కావాలంటే అవి సమర్థాలై ఉండాలని దాని తాత్పర్యం. ఇక్కడ సమర్థం అంటే బలం ఉన్నదని కాదు. ఒకదాని అర్థం ఇంకొకదాని అర్థంతో అన్వయించాలి, సంబంధపడాలి. దీనికి వ్యాఖ్యాతలు ఇచ్చే ఉదాహరణ చూడండి: ‘భార్యా రాజ్ఞః, పురుషో దేవదత్తస్య’. రాజుగారి భార్య, దేవదత్తుడి మనిషి అని అర్థం. ఇందులో ‘రాజ్ఞః’, ‘పురుషః’ పక్కపక్కనే కూర్చున్నాయి. చూడగానే ‘రాజపురుషః’ అని కలిపేయాలనిపిస్తుంది. కలపకూడదు. రాజు అక్కడ భార్యకి చెందినవాడు, మనిషి దేవదత్తుడికి చెందినవాడు. పక్కన ఉన్నాయే గానీ వాటికి పొత్తు లేదు. అది అసమర్థం.

మీ ఉత్తరం చదివాక నాకు ఇదే తోచింది. సీతారామారావు, ఇందిర, బిడ్డ ఒకే వాక్యంలో పక్కపక్కనే ఉన్న పదాలు. ఆయన అర్థం చచ్చిపోయిన తండ్రితో ముడిపడి ఉంది, ఇంట్లో ఉన్నవాళ్లతో కాదు. వ్యాకరణం ప్రకారం కూడా అతను అసమర్థుడే! పాఠం చెప్పినన్నాళ్లూ ఆ సూత్రాన్ని పదాలకే గానీ మనుషులకి అన్వయించలేదు నేను.

‘ప్రతిష్ఠ’ కూడా చూడండి. ‘స్థా’ ధాతువు, అంటే నిలబడడం. నిష్ఠ, అనుష్ఠానం, స్థానం అన్నీ అక్కడివే. అందుకే మనం ‘ప్రతిష్ఠ నిలబెట్టు’ అంటాం. నిలబెట్టాల్సినవాడు ఎప్పుడూ ఒక్కచోట నిలబడలేదు.

జవాబు (గాజువాక)

మాస్టారు చెప్పింది బావుంది. కానీ నాకు ఇంకో సందేహం. అతనికి చేతకాదా, లేక చెయ్యడా? మన కళింగాంధ్ర మాటలో చెప్పాలంటే అతను ‘ఒల్లనివాడు’. మా అమ్మమ్మ వాళ్ల వైపు ఏదైనా ఇష్టం లేకపోతే ‘నానొల్లను’ అంటారు. అందులో దాపరికం లేదు. నావల్ల కాదు అనే వంక లేదు, నాకు ఇష్టం లేదంతే. అతను ఒల్లక మానేసిన పనులకి కూడా అసమర్థత అని పేరు పెడితే, జాలి అతనికే పోతుంది.

మన విశాఖ రచయిత రావిశాస్త్రి గారి నవల ‘అల్పజీవి’ పక్కన పెట్టి చదవండి. సుబ్బయ్య అందరికీ భయపడతాడు, బావమరిది అడిగాడని కంట్రాక్టరు గవరయ్య దగ్గర అప్పు చేసి నలిగిపోతాడు. అతనికి తను చిన్నవాణ్నని తెలుసు. సీతారామారావుకి మిగతావాళ్లంతా చిన్నవాళ్లుగా కనిపిస్తారు. సుబ్బయ్య ఇంట్లో నాకు టెన్షన్‌గా ఉంటుంది గానీ, సీతారామారావు ఇంట్లో మాత్రం పిల్లని ఒక్కదాన్నీ వదలాలంటే భయం.

జవాబు (ఎంవీపీ కాలనీ)

మాస్టారూ, ఆ ఉదాహరణ చదివి ఒక్కదాన్నే చాలాసేపు కూర్చున్నాను. మొదటి మాటే ‘భార్యా’ కావడం ఇంకా పట్టుకుంది. నా ప్రశ్నకి జవాబు దొరికిందనే అనుకుంటున్నాను. ‘అసమర్థుడు’ అన్నది సంపాదన గురించిన మాట అని ఇన్నాళ్లూ క్లాసుల్లోనూ, గైడు పుస్తకాల్లోనూ చెప్తూ వచ్చారు. ఆ అర్థంతో చదివితే అతను చెడిపోయిన పెద్దింటి బిడ్డ. సంబంధం గురించిన మాటగా చదివితే అదే పుస్తకంలో ఇంటి లోపల జరిగింది కనిపిస్తుంది. కథ మారలేదు, లెక్క అడిగే మనిషి మారింది.

అక్కా, మీ ‘ఒల్లడు’ని సగం ఒప్పుకుంటాను. మొదటి భాగానికి అది సరిగ్గా సరిపోతుంది. ఆస్తి పోగొట్టడం, రావాల్సిన డబ్బు అడగకపోవడం, పని వదిలేయడం, ఇవన్నీ ఒల్లకే. కానీ చివరికొచ్చేసరికి అతని బుర్ర అతని చేతిలో లేదు. అక్కడ కూడా ‘చెయ్యడు’ అంటే అన్యాయమే అవుతుంది. జాలి ఉంది నాకు, ఇప్పుడూ ఉంది. అది ఇందిర వాటా తగ్గించకూడదు, అంతే నేను అనేది.

ఈ పుస్తకాన్ని గోపీచంద్ అంకితమిచ్చింది తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరికి, ‘ఎందుకు’ అని అడగడం నేర్పినందుకు. ఒక తండ్రి కొడుక్కి ప్రశ్న ఇచ్చాడు. నవలలో తండ్రి కొడుక్కి ప్రతిష్ఠ ఇచ్చాడు. సీతారామారావు లోకాన్నంతా ఎందుకు, ఎందుకు అని అడుగుతాడు. నాన్న చెప్పిన మాట ఎందుకు నిలబెట్టాలి అన్నదొక్కటీ అడగాల్సిన వేళకి అడగడు. రెండోసారి చదివినప్పుడు నన్ను ఎక్కువగా కుదిపింది ఇదే.

జవాబు (గాజువాక)

సగమైనా ఒప్పుకున్నారు, చాలు. ఒక్కటి మాత్రం ఎవరూ ఎత్తలేదు. ‘సంసారం గుట్టు, రోగం రట్టు’ అంటారు కదా. ఆ ఇంట్లో సంసారమే రోగం. మరి గుట్టుగా ఉంచాలా, రట్టు చెయ్యాలా? ఇందిరలాంటివాళ్లకి ‘గుట్టుగా నెట్టుకొచ్చింది’ అని మెచ్చుకోలు ఇస్తాం. నాకు ఆ మెచ్చుకోలు అసలు నచ్చదు.

జవాబు (ఎంవీపీ కాలనీ)

నాకూ నచ్చదక్కా. ఈ నవల చేసిన మంచిపని రట్టు చెయ్యడమే. పెద్దింటి గడప లోపల జరిగేదాన్ని 1940ల్లోనే అంత దగ్గరగా చూపించింది. ‘గుట్టు’ మీద మీరే వేరే చర్చ మొదలుపెట్టండి. మాస్టారూ, ఆ సామెతకి పాత పాఠాలేమైనా మీ దగ్గర ఉంటే అక్కడ పెట్టండి.