పిన్ పెట్టిన చోటికి కారు పోతుంది, లారీ పోదు. మీరేం చేస్తున్నారు?

పన్నెండు టైర్లు:
మొన్న లోడుతో బయల్దేరితే ఆఫీసు వాళ్లు వాట్సాప్‌లో ఒక పిన్ పంపి ఊరుకున్నారు. ఫోన్ మ్యాప్ పెట్టుకుని అది చెప్పినట్టే పోయా. రాత్రి రెండింటికి ఎదురుగా రైలు వంతెన, బోర్డు మీద 3.6 మీటర్లు. నా బండి పట్టాతో కలిపి 3.9. తిప్పే చోటు లేదు, వెనక కార్ల హారన్లు. దాదాపు కిలోమీటరు రివర్స్‌లో వచ్చా. గంట దాటింది. చేతులు వణికాయన్నా. మీరంతా ముందే ఎలా తెలుసుకుంటున్నారు?

ట్రైలర్ మనిషి:
తమ్ముడూ, నువ్వు ఆగావు, అది గొప్ప. చాలామంది ‘పడుతుందిలే’ అని ముందుకే పోతారు. మామూలు మ్యాప్‌కు నీది లారీ అని తెలీదు, తొందరగా చేరే దారి చూపిస్తుంది, అంతే. లారీల కోసమే చేసిన నావిగేషన్‌లో ఎత్తు, వెడల్పు, పొడవు, మొత్తం బరువు, ఇరుసు మీద పడే బరువు కొట్టుకోవచ్చు. దాన్నీ గుడ్డిగా నమ్మను. వంతెన ఎత్తు ఎవరైనా మ్యాప్‌లో ఎక్కించి ఉంటేనే దానికి తెలిసేది. అందుకే బయల్దేరే ముందు చివరి రెండు కిలోమీటర్లు శాటిలైట్ చిత్రంలో వేలితో జరుపుకుంటూ చూస్తా. మలుపులు తెలుస్తాయి, లారీలు నిలబడి ఉన్న గేటూ కనిపిస్తుంది.

పాత స్టీరింగ్:
ముందు నీ ఎత్తు నీకు తెలియాలి నాయనా. ప్రతి లోడుకీ టేపు పెట్టి కొలువు, తాడు ముడితో సహా. చాలామందికి తట్టని సంగతి ఒకటుంది: ఖాళీ బండికి కమాన్ పట్టీలు (బరువు మోసే స్ప్రింగులు) పైకి లేస్తాయి, బండి ఎత్తు పెరుగుతుంది. నిండు లోడుతో దాటిన వంతెనే తిరుగు ప్రయాణంలో నా బాడీ పైఅంచును గీరేసింది. రోడ్డు మీద కొత్త తారు వేస్తే వంతెన కింద ఖాళీ తగ్గుతుంది, బోర్డు మీద అంకె మాత్రం అదే ఉండిపోవచ్చు. వంతెన కింద రోడ్డు పల్లంలోకి దిగి లేస్తే పొడుగు ట్రైలర్ ముందూ వెనకా చక్రాలు గట్టు మీద ఉంటాయి, నడుము పైభాగం వంతెనకు తగులుతుంది. మిట్టగా ఉన్న రైల్వే గేటు దగ్గర నేలకు దగ్గరగా ఉండే లో-బెడ్ ట్రైలర్‌కు పొట్ట ఆనుకుంటుంది. పట్టాల మీద ఇరుక్కుంటే బండి సంగతి వదిలేసి దిగిపో, వెంటనే రైల్వే వాళ్లకు చెప్పు.
బోర్డు ఉంటే చాలదా అంటారు కొందరు. అమెరికాలో డరమ్ అనే ఊళ్లో 11 అడుగుల 8 అంగుళాల వంతెన ఉండేది. హెచ్చరిక దీపాలు పెట్టినా లారీలు గుద్దుతూనే ఉండేవి. 2019లో 8 అంగుళాలు పైకి లేపారు, ఆ తర్వాత కూడా గుద్దాయి.

డిస్పాచ్ డెస్క్:
నేను బండ్లు పంపే ఆఫీసులోనే పనిచేస్తా. పిన్ పంపి ఊరుకున్న రోజులు నాకూ ఉన్నాయి, ఇది చదివాక బాధగా ఉంది. పిన్ చాలాసార్లు భవనం మీదో ముందు గేటు మీదో పడుతుంది, సరుకు గేటేమో వెనక వీధిలో ఉంటుంది. ఇప్పుడు దించుకునేవాళ్లకు ముందే ఫోన్ చేస్తున్నా: పోయినసారి వచ్చిన పెద్ద బండి ఎంత పొడుగు, ఏ వైపు నుంచి వచ్చింది, నో ఎంట్రీ వేళలేమిటి, అప్పటిదాకా ఎక్కడ ఆగాలి. మేనేజర్ కంటే గేటు దగ్గర వాచ్‌మన్ సరిగ్గా చెబుతారు. ఆయన నంబరే డ్రైవర్‌కు పంపుతున్నా.

పన్నెండు టైర్లు:
చాలా థ్యాంక్స్ మేడమ్. నో ఎంట్రీ మొదలవడానికి అరగంట ముందు చేరితే లోపలికి పోవచ్చా?

ట్రైలర్ మనిషి:
పోవడం ఒక్కటే చూడకు. దించి బయటపడటం కూడా ఆ అరగంటలోనే అయిపోవాలి. లేదంటే సాయంత్రం దాకా లోపలే.

రాత్రి బండి:
రివర్స్ తప్పనప్పుడు సిగ్గుపడొద్దు తమ్ముడూ. హజార్డ్ లైట్లు వేసి, దిగి వెనక్కి నడిచి చూసుకో. వెనక కారు వాళ్లలో ఒకరిని బతిమాలి నిలబెట్టు, ఆ మనిషి అద్దంలో కనిపించకపోతే అక్కడే ఆపేయ్. హారన్లు కొట్టేవాళ్లే బోర్డు చూపిస్తే దారిస్తారు, నాకు చాలాసార్లు జరిగింది.

పన్నెండు టైర్లు:
ఇవాళ వేరే లోడు. ముందే వాచ్‌మన్‌కు ఫోన్ చేశా, ‘పిన్ దగ్గరికి రావద్దు, కాలువ గట్టు మీద ఎడమకు తిరుగు’ అన్నాడు. నేరుగా గేటుకే చేరా. ఎవరైనా వివరాలు ఎక్కించగల ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మొన్నటి వంతెన ఎత్తు లేకుండా ఉంది. అన్‌లోడింగ్ అవుతుండగా కూర్చుని 3.6 అని ఎక్కించా.