అప్‌డేట్: ఎడమకి లాగేస్తున్న అల్ట్రాలైట్, కారణం దొరికింది

పోయిన నెల అడిగాను కదా, ఇంట్లో కట్టుకుంటున్న నా సింగిల్ సీటర్ అల్ట్రాలైట్ (ఒక్కరే కూర్చునే తేలికపాటి చిన్న విమానం) నేల మీద నడుపుతుంటే ఎడమకి లాగేస్తోందని, జాకీ మీద ఎత్తితే మాత్రం రెండు చక్రాలూ హాయిగా తిరుగుతున్నాయని. సమాధానాలిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

టైర్లలో గాలి సమానంగానే ఉంది. బేరింగ్ అనవసరంగా మార్చాను, పాతదీ బాగానే ఉంది. ప్రొపెల్లర్ టార్క్ (ప్రొపెల్లర్ తిరగడం వల్ల విమానాన్ని పక్కకి లాగే బలం) కూడా కాదు, ఇంజిన్ ఆపేసి తోసినా అటే లాగేది. "బ్రేక్ కేబుల్ చూడు, బరువు మీద ఉన్నప్పుడే చూడు" అని రాసిన అన్న చెప్పిందే నిజం. నావి స్కూటర్ డ్రమ్ బ్రేకులే కాబట్టి టెక్కలి నుంచి స్కూటర్ మెకానిక్‌ని మా జీడితోట పక్క బయలుకి తీసుకొచ్చాను. ఆయన నన్ను సీట్లో కూర్చోబెట్టి, కింద పడుకుని చూశాడు. నేను కూర్చోగానే ఎడమ ల్యాండింగ్ గేర్ కాలు (చక్రాన్ని విమానానికి కలిపే కడ్డీ) బయటికి వంగుతోంది, దానికి బిగించిన కేబుల్ టైట్ అయి బ్రేక్ లీవర్ కొంచెం కదిలి, బ్రేక్ షూ (డ్రమ్ లోపల ఒత్తుకుని చక్రాన్ని ఆపే ముక్క) డ్రమ్‌కి రాసుకుంటోంది. జాకీ ఎత్తితే కాలు మామూలుగా అయిపోతుంది, అందుకే నాకు కనపడలేదు. రెండు రౌండ్లు నడిపి చెయ్యి పెడితే ఎడమ డ్రమ్ కాలిపోతోంది, కుడిది చల్లగా ఉంది. ఈ పరీక్ష మొదటిరోజే చేసి ఉండాల్సింది.

పొడుగు కేబుల్ వేసి, కాలు వంగే చోట వదులుగా వంపు ఉంచి, క్లిప్పు పైకి జరిపాం. ఎడమ షూలు గాజులా నున్నగా అయిపోయాయి, రెండు వైపులా కొత్తవి వేశాను. నిన్న పొద్దున్నే గాలి లేనప్పుడు నాలుగు రౌండ్లు తిప్పాను, గీత గీసినట్టు తిన్నగా వెళ్లింది. కుడి కేబుల్ కూడా అలాగే మార్చేశాను.